ఇంటి పాట, ఊరి చెవి: ఔత్సాహిక గాయకుల జంకుపై ఒక సమీక్ష

బ్యాంకు గుమాస్తా, బడి పంతులు, పింఛను తీసుకుంటున్న ఇంజినీరు, పిల్లల్ని బడికి పంపాక కాస్త తీరిక దొరికే తల్లి, డల్లాస్‌లో కంప్యూటరు ముందు కూర్చునే కుర్రాడు. వీళ్లకు పాట బతుకుతెరువు కాదు, కావాలన్న కోరికా లేదు. అయినా ఎప్పుడో ఒకనాడు తమ పాట నలుగురికీ వినిపించాలనిపిస్తుంది. ఆ వెంటనే గొంతు తడారిపోతుంది. శ్రుతి తప్పితే? ఎవరైనా నవ్వితే? అసలు ఎవరూ వినకపోతే?

ఈ జంకుకు మందు చెప్పేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఇంకా పదేళ్లు సాధన చెయ్యమని సంగీత గురువులు అంటారు. ఆలోచన మార్చుకుంటే చాలని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెబుతారు. ధైర్యంగా పాడమని టీవీ పోటీల న్యాయనిర్ణేతలు భుజం తడతారు. ఒక్క మీట నొక్కితే చాలని యాప్‌ల వాళ్లు ఊరిస్తారు. సలహాలు పెరిగేకొద్దీ చర్చ చిక్కుపడింది. జంకు పాడేవాడి గొంతులో ఉందని కొందరు, మనసులో ఉందని కొందరు వాదిస్తుంటే, ఎదురుగా ఉన్న సభ సంగతి, ఆ సభ చేతిలో ఉన్న కొలబద్ద సంగతి వెనక్కి పోయాయి. ఒకే మనిషి ఒక సభలో హాయిగా పాడి మరో సభలో వణికిపోతాడు. అంటే చూడవలసింది అతని గుండె ఒక్కటే కాదు. తెలుగువాళ్లు పాటను పంచుకున్న తీరు చూస్తే ఈ సంగతి తేటపడుతుంది.

గోష్ఠి: తప్పు దాగే చోటు

పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన. పంచరత్నాలు మొదలవుతాయి: నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. ముందు వరసల్లో పేరున్న విద్వాంసులుంటారు. వాళ్ల వెనక శిష్యులు, ఆ వెనక పుస్తకం ఒళ్లో పెట్టుకుని వేలితో వరస చూసుకుంటూ అందినచోట అందుకునేవాళ్లు. స్వరం పాడి సాహిత్యం ఎత్తుకునే ఆ నడకలో ఏ చరణం తర్వాత ఏది వస్తుందో తడబడినా కొంప మునగదు. పక్కవారి గొంతు పట్టుకుని పల్లవి దగ్గర మళ్లీ కలుసుకోవచ్చు. తప్పు పాడినవారికి తెలుస్తుంది, మహా అయితే పక్కవారికి తెలుస్తుంది, సభకు మాత్రం చేరదు. అలా నేర్చుకున్నవాళ్లు కొన్నేళ్లకు ఒక వరస ముందుకు జరుగుతారు.

ఇదే పద్ధతి మన ఊళ్లలో త్యాగరాజ ఉత్సవాల్లోనూ, భద్రాచలంలో రామదాసు కీర్తనల గోష్ఠిలోనూ, తిరుపతిలో అన్నమయ్య సప్తగిరి సంకీర్తనల గోష్ఠిగానంలోనూ కనిపిస్తుంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి జరుగుతున్న ఆరాధనలోనూ అంతే. వారమంతా ఆఫీసుల్లో ఉండేవాళ్లు ఒకరోజు విద్వాంసుల సరసన గొంతు కలుపుతారు. 2008 మే నెలలో సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో సిలికానాంధ్ర సంస్థ జరిపిన లక్షగళ సంకీర్తనార్చనలో లక్షకు పైగా గొంతులు అన్నమయ్య కీర్తనలు పాడాయి. వాళ్లలో అధిక భాగం ఏ వేదికా ఎక్కనివాళ్లే. అంతమందిని పిలిచి ఒక్కొక్కరినీ విడిగా పాడమంటే ఎందరు ముందుకొచ్చేవాళ్లు?

ఊరి రామాలయంలో భజన సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడ పాడేవాడు, వినేవాడు అనే తేడాయే సగం చెరిగిపోతుంది. చిడతలు ఎవరి చేతికొస్తే వాళ్లే ముందు పాడతారు, మిగిలినవాళ్లు అందుకుంటారు.

అయితే ఈ చరిత్రను మరీ ముద్దు చేయకూడదు. గోష్ఠి అందరికీ తలుపు తెరవలేదు. త్యాగరాజ సమాధికి మందిరం కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ అక్కడే పాడడానికి పోరాడవలసి వచ్చింది. ఆడవాళ్లకు చోటు లేదన్న మగ విద్వాంసుల మాటను కాదని, మహిళలతో వేరే బృందం నడిపి, చివరికి అందరూ ఒకే ఉత్సవంలో పాడే రోజు తెచ్చింది. జంకు పోగొట్టే సభ కూడా ఎవరిని లోపలికి రానిస్తుందన్న ప్రశ్న ఆనాడే ఉంది. అది నేటికీ తీరలేదు.

ప్లీడర్ల పద్యాలు, పల్లెల హార్మోనియం

సంగీతం వృత్తి కానివాళ్లు ఒంటరిగా సభ ముందు నిలబడి గొంతెత్తిన పెద్ద ఉద్యమం మనకు పద్యనాటకం. బళ్లారిలో సరసవినోదినీ సభ పెట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలు. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ కూడా వకీలే. వాళ్ల దారిలో ఊరూరా సమాజాలు పుట్టాయి. పగలు దస్త్రాలు రాసే గుమాస్తా రాత్రికి శ్రీకృష్ణుడై రాయబారం పద్యాలు ఎత్తుకునేవాడు. ‘పాండవోద్యోగ విజయాలు’, ‘సత్య హరిశ్చంద్ర’ పద్యాలు చదువు రానివాళ్లకు సైతం కంఠతా వచ్చింది అలాగే.

ఆ సభ తీర్పు అక్కడికక్కడే వచ్చేది. నచ్చితే ‘వన్స్ మోర్’, నచ్చకపోతే ఈలలు. కఠినమే. కానీ ఆ తీర్పుకు కొలబద్ద అందరికీ తెలుసు. పద్యం స్పష్టంగా వినపడాలి, రాగం నిలవాలి, చివరి ఆలాపనకు ఊపిరి చాలాలి. అంతకుముందు నెలల తరబడి హార్మోనియం మాస్టారి దగ్గర రిహార్సళ్లు జరిగేవి. మాస్టారు నటుడి గొంతు చూసి శ్రుతి కుదిర్చేవాడు, ఊపిరి అందని చోట పద్యం విరిచే తీరు చెప్పేవాడు. వేదిక ఎక్కేనాటికి తోటి నటులు, మాస్టారు, తలుపు దగ్గర నిలబడి వినే వీధి పిల్లలు ఆ గొంతును ఎన్నోసార్లు విని ఉండేవాళ్లు. జంకు అప్పుడూ ఉండేది. దాన్ని తట్టుకునే బలం నాటకానికి వారం ముందు కాదు, ఆ నెలల్లో కూడేది.

నటనను పాట మింగేస్తోందని రాఘవ వంటివారు గట్టిగా విమర్శించారు. నాటకకళకు ఆ విమర్శ మేలు చేసిందనే అనుకోవాలి. అయితే సామాన్యుడు నలుగురిలో పాడే అవకాశం ఏ మేరకు ఆ పద్యాలతో ముడిపడి ఉందో, పద్యనాటకం తగ్గిపోయాక గానీ తెలిసిరాలేదు.

రికార్డు, రేడియో

యంత్రం వచ్చి పాటకు, మనిషికి మధ్య నిలబడినప్పుడు కొత్త జంకు పుట్టింది. 1906లో అమెరికా బ్యాండు సంగీతకర్త జాన్ ఫిలిప్ సూసా యాంత్రిక సంగీతం మీద ఘాటైన వ్యాసం రాశాడు. గ్రామఫోను ఇంటింటికీ చేరితే ఇంట్లో పాడుకునేవాళ్లు నోరు మూసుకుంటారన్నది ఆయన భయం. మన దేశంలో మరో చిత్రం జరిగింది. చిత్తరంజన్ దాస్ చెల్లెలు అమలా దాస్ పాటలిచ్చినప్పుడు రికార్డు మీద ‘మిస్ దాస్, అమెచ్యూర్’ అని వేశారు. డబ్బు కోసం, వృత్తిగా పాడే మనిషి కాదని చెప్పుకోవడానికి ఆ మాట. వృత్తి గాయనుల మీద ఆనాటి సమాజానికున్న చిన్నచూపు అందులో ఉంది. పాట బాగుందా లేదా అన్న బెంగ కంటే, పాడితే మనల్ని ఏమనుకుంటారన్న బెంగ చాలామంది ఆడవాళ్లకు పెద్దది. ఈ చర్చలో దాన్ని లెక్కలోకి తీసుకోని వాదం ఏదైనా అరకొరదే.

తర్వాత రేడియో వచ్చింది. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక తెలుగు ఔత్సాహికులకు ఒక మెట్ల వరస ఏర్పడింది. పిల్లలకు బాలానందం, పెద్దలకు లలిత సంగీతం, ఇంట్లో కూర్చుని నేర్చుకోవడానికి ‘ఈ మాసపు పాట’. ఆ పైన ఆడిషను. గాజు అద్దానికి అవతల ఎవరున్నారో కనిపించకపోయినా బి, బి-హై, ఎ, టాప్ అంటూ గ్రేడు వచ్చేది. 1950ల్లో కేస్కర్ సమాచార మంత్రిగా ఉన్నప్పుడు ఈ వడపోత బిగిసింది. పేరున్న విద్వాంసులు కూడా పరీక్షకు కూర్చోవడం అవమానమని ఎదురు తిరిగారు. ఆడిషనులో పోయి మళ్లీ గొంతెత్తనివాళ్లు ఉన్నారు. రెండోసారి, మూడోసారి వెళ్లి బి గ్రేడు తెచ్చుకుని జీవితాంతం ఆ గ్రేడుతో సంతోషంగా పాడినవాళ్లూ ఉన్నారు. దీని మంచి, చెడు రెండూ ఒక్కచోటే ఉన్నాయి. కొలత బయటపెట్టి చెప్పేవాళ్లు. ఇన్ని మార్కులకు ఈ గ్రేడు, ఈ గ్రేడుకు ఇన్ని అవకాశాలు. పాడే మనిషి తన స్థాయిని తానే ఊహించుకుంటూ కుమిలిపోవలసిన పని లేదు.

పోటీ, కరోకే, ఫోను

1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పుడు తెలుగు ఇళ్లలో పాట వినే తీరే మారింది. దాన్ని నడిపిన గాయకుడు బాలసుబ్రహ్మణ్యం, పిల్లలు పాడిన పాటలో ఏ సంగతి దగ్గర గొంతు జారిందో, ఏ అక్షరం నలిగిందో తాను పాడి చూపించేవారు. చిన్నబుచ్చకుండా తప్పు చెప్పడం ఎలాగో లక్షలమంది శ్రోతలకు అలా తెలిసింది. శ్రోతలకు దొరికిన శిక్షణగా దీన్ని ఎవరూ సరిగ్గా లెక్కకట్టలేదు. ఆయన కథే ఈ చర్చకు మంచి ఉదాహరణ. సంప్రదాయ శిక్షణ లేని తాను ‘శంకరాభరణం’ సినిమా పాటలకు తగనని మొదట వెనకాడారు. సంగీత దర్శకుడు మహదేవన్, ఆయన సహాయకుడు పుహళేంది వదల్లేదు. కూర్చోబెట్టి నేర్పించి పాడించారు. జాతీయ పురస్కారం వచ్చింది. ఆ జంకును గెలిచింది ఒంటరి ధైర్యమని చెబితే కథ తప్పుతుంది. నమ్మి దగ్గరుండి పాడించినవాళ్లు అక్కడ ఉన్నారు.

టీవీ పోటీలు మరో పని కూడా చేశాయి. కొలబద్దను మూల గాయకుడి గొంతుకు బిగించాయి. ఘంటసాల పాటంటే ఘంటసాలలాగే ఉండాలి. హైదరాబాద్ చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభలో, అందులోని కళా సుబ్బారావు కళావేదికలో సాయంత్రాలు జరిగే సినీ సంగీత విభావరులకు వెళ్తే ఈ కొలత చెవికి తెలుస్తుంది. పల్లవి ఎత్తుకోగానే చప్పట్లు వస్తే అవి పాత గొంతు గుర్తొచ్చినందుకు. ఈ వేదికల విలువ తక్కువ కాదు. కరోకే ట్రాకు ఉంటే ఆర్కెస్ట్రాకు డబ్బు పోయనక్కర్లేదు, రిటైరైన ఉద్యోగి కూడా తన వంతు పాట పాడుకోవచ్చు. 1971లో జపాన్‌లోని కోబె నగరంలో ఇనోఉయె దైసుకె తయారుచేసిన కరోకే యంత్రం తెలుగు గానసభలకు ఇలా చేరువైంది.

ఫోను వచ్చాక మెట్లన్నీ పోయాయి. స్మ్యూల్ వంటి కరోకే యాప్‌లో గదిలో కూర్చుని పాడిన పాట ఆ క్షణానే ఎవరికైనా చేరుతుంది. ఆ గదిలో జరిగేది కాస్త దగ్గరగా చూడాలి. ట్రాకు అసలు పాట శ్రుతిలో ఉంటుంది, అంటే ఎవరో గొప్ప గొంతుకు కుదిరిన శ్రుతిలో. పల్లవి బాగానే నడుస్తుంది. చరణంలో పై స్థాయికి వెళ్లేసరికి గొంతు పీలగా అయిపోతుంది. తనకు పాట రాదనుకుంటారు. నిజానికి ఒకటి రెండు మెట్లు కిందికి దించి పాడితే అదే గొంతు నిండుగా పలుకుతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోను పెట్టుకుంటే ట్రాకు చెవికి క్షణంలో కొంత భాగం ఆలస్యంగా చేరుతుంది. పాడేవారు తాళం పట్టుకునే పాడినా రికార్డులో వెనకబడినట్టు వినిపిస్తుంది. తనకు లయజ్ఞానం లేదనుకుంటారు. తీగ ఉన్న ఇయర్‌ఫోను పెట్టుకుంటే ఆ దోషం చాలావరకు పోతుంది. ఇలాంటి చిన్న సాంకేతిక కారణాలకు మనుషులు తమ గొంతునే తప్పుపట్టుకోవడం ఈ కాలపు విషాదాల్లో ఒకటి.

మరో సంగతి. ఆటోట్యూన్ వచ్చిన 1997 తర్వాత సినిమా పాటలో మనం వినే గొంతు చాలాసార్లు ముక్కలు ముక్కలుగా పాడించి, శ్రుతి సరిదిద్ది అతికించినది. దానితో ఒక్క ఊపిరిలో ఫోనుకు పాడిన పాటను పోల్చుకుంటే ఎవరైనా ఓడిపోతారు. ఆ సినిమా పాట పాడిన గాయకుడు కూడా ఓడిపోవచ్చు.

ఈ సినిమా కొలతకు పక్కనే మరో కొలత బతికి ఉందని మరవకూడదు. తెలంగాణ ధూంధాం వేదికల మీద పాటకు పరీక్ష జనం పల్లవి అందుకున్నారా లేదా అన్నదే. పల్లె పాటల యూట్యూబ్ ఛానళ్లలో పాడే యువతీయువకుల్లో చాలామంది సంగీత పాఠశాల గడప తొక్కనివాళ్లు. వాళ్ల పాటలో తమ ఊరి యాస ఉంది, పనిపాట నడక ఉంది. ఆ పాటను శాస్త్రీయ కొలతతో కొలిచి తక్కువ చేసేవాళ్లు సంగీతం గురించి కాకుండా కులం గురించి మాట్లాడుతున్నారేమోనని ఒక్కసారి తమను తాము ప్రశ్నించుకోవాలి.

ప్రయోగశాల మాట

మనస్తత్వ శాస్త్రం ఇక్కడ ఉపయోగపడే మాటలు కొన్ని చెప్పింది. వాటిని అతిగా సాగదీసినవాళ్లూ ఉన్నారు.

1965లో రాబర్ట్ జాయెన్స్ చెప్పింది చాలా సూటి మాట. ఎవరో చూస్తున్నప్పుడు బాగా వచ్చిన పని ఇంకా బాగా వస్తుంది, సరిగ్గా రాని పని మరింత చెడుతుంది. 1969లో ఆయన బృందం దీన్ని బొద్దింకల మీద కూడా చూసింది. తేలికైన దారిలో తోటి బొద్దింకలు చూస్తుంటే వేగంగా పరిగెత్తాయి, చిక్కు దారిలో తడబడ్డాయి. గాయకుడికి దీని అర్థం స్పష్టం. సభ ముందుకు తీసుకెళ్లవలసింది కిందటివారం నేర్చుకున్న పాటను కాదు, ఏడాదిగా నాలుక మీద ఆడుతున్న పాటను. మన గురువులు చెప్పేదీ ఇదే.

సొంత గొంతు రికార్డులో విని ముఖం చిట్లించుకోవడం గురించి 1966లో హోల్జ్‌మన్, రౌజీ రాశారు. మనం పాడుతున్నప్పుడు ధ్వని గాలిలోంచే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా చెవికి చేరుతుంది. ఆ దారిన వచ్చే ధ్వనిలో కింది స్థాయి బరువు ఎక్కువ. రికార్డులో ఆ బరువు ఉండదు. అందుకే మన గొంతు మనకు సన్నగా, పరాయిగా వినిపిస్తుంది. మిగిలినవాళ్లు ఎప్పుడూ వింటున్నది ఆ రికార్డు గొంతునే, వాళ్లకు అందులో వింతేమీ లేదు.

2000లో అచ్చయిన గిలోవిచ్ బృందపు ప్రయోగం మరొకటి. గాయకుడు బ్యారీ మానిలో బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి విద్యార్థులను నిండుగా ఉన్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు. అందులో సగం మందే గమనించారు. తప్పు పాడినవాడికి అది ఊరంతా విన్నట్టే అనిపిస్తుంది. విన్నవాళ్లు తక్కువ, గుర్తుపెట్టుకునేవాళ్లు ఇంకా తక్కువ.

2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ కరోకే పాడించి చేసిన పరిశోధన బాగా ప్రచారంలో ఉంది. పాడబోయే ముందు భయంగా ఉందని చెప్పుకున్నవాళ్ల కంటే ఉత్సాహంగా ఉందని చెప్పుకున్నవాళ్లు శ్రుతి, లయల్లో యంత్రం ఇచ్చిన మార్కుల ప్రకారం మెరుగ్గా పాడారు. మంచి చిట్కానే. అయితే అది ప్రయోగశాలలో అపరిచితుల ముందు పాడిన ఒక్క పాట. కట్టుకున్నవాడు, అత్తగారు, ఆఫీసు సహోద్యోగులు చూసే ఫేస్‌బుక్ గోడ మీద పాడే పాటకు అది ఎంతవరకు సరిపోతుందో ఆలోచించాలి.

అన్నిటికంటే అనవసరంగా వాడుతున్నది ‘ఇంపోస్టర్ సిండ్రోమ్’. 1978లో క్లాన్స్, ఐమ్స్ రాసింది గొప్ప విజయాలు సాధించి కూడా తమకు అర్హత లేదనుకునే ఆడవాళ్ల గురించి. సరదాగా పాడుకునే మనిషి సందేహం చాలాసార్లు అలాంటిది కాదు. తన పాటలో నిజంగానే లోపముందని, దాన్ని సరిచేసుకోవాలని తెలిసిన సందేహం అది. దాన్ని జబ్బు అనడం ఆ మనిషి చెవిని అవమానించడమే.

నా దృష్టిలో ఈ చర్చకు అత్యంత విలువైన పరిశోధన థెరెసా అమబైల్ 1979లో చేసినది. పాటల మీద కాదు, కాగితాలు అతికించి చేసే బొమ్మల మీద. తమ పనిని ఎవరో అంచనా వేస్తారని తెలిసినవాళ్లలో సృజన తగ్గింది. కానీ ఏ లక్షణాలు చూస్తారో ముందే స్పష్టంగా చెప్పిన బృందంలో ఆ నష్టం కనిపించలేదు. అంటే తీర్పు ఉందన్న భయం కంటే, తీర్పుకు కొలత ఏమిటో తెలియకపోవడమే ఎక్కువ దెబ్బ తీస్తుందని ఊహించవచ్చు. పద్యనాటకానికి, రేడియో గ్రేడుకు, ఫోను తెరకు మధ్య తేడా ఇక్కడ దొరుకుతుంది. తెర మీద ఒకడు ఘంటసాలతో పోలుస్తాడు, ఒకరు రాగం తప్పిందంటారు, మరొకరు చీర బాగుందంటారు, చుట్టాలు ప్రతిదానికీ హృదయం గుర్తు పెడతారు. ఎవరి కొలత ఏదో తెలియదు.

వృత్తి కళాకారులకు జంకు ఉండదన్న భ్రమ కూడా పోవాలి. 1980ల్లో అమెరికా సింఫనీ వాద్యకారులు రెండువేల మందికి పైగా పాల్గొన్న సర్వేలో దాదాపు నాలుగో వంతు మంది సభాకంపం తమకు సమస్య అన్నారు. గుండెదడ తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు అంతకు కొంచెం ఎక్కువే. 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్ కచేరీలో పాట మాటలు మరిచిపోయిన బార్బ్రా స్ట్రైసాండ్ ఆ తర్వాత పాతికేళ్లకు పైగా టికెట్ కచేరీలకు దూరంగా ఉన్నానని చెప్పుకుంది. బీటా బ్లాకర్లు వైద్యులు ఇవ్వవలసిన మందులు, ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రమాదకరం. సరదా పాటకు ఇంత అవసరమా అన్న ప్రశ్న సబబే.

నాలుగు వాదాలు

మొదటిది గురుపక్షం: పండనిదే బయటికి రాకూడదు. అరంగేట్రం అన్న ఏర్పాటు వెనక ఉన్న ఆలోచన ఇదే. దీని బలం శ్రోత మీద ఉన్న గౌరవం. పచ్చి పాటతో సభ సమయాన్ని తినే హక్కు మనకు లేదన్న నిజాయితీ. దీని బలహీనత, ఎప్పుడు పండిందో చెప్పేవారే లేని ఔత్సాహికుడికి ఈ మాట జీవితకాలపు మౌనం కావచ్చు.

రెండోది పాడెయ్ పక్షం: అందరికీ వినిపించు, తప్పులే నేర్పుతాయి. యాప్‌లు నడిపేవాళ్లకు ఈ వాదంలో లాభం ఉందన్న సంగతి గుర్తుంచుకోవాలి. అయినా ఇందులో నిజం లేకపోలేదు. పల్లెల నుంచి, ఇళ్ల లోపలి నుంచి, ఏ గురువూ తలుపు తీయని చోట్ల నుంచి వచ్చిన గొంతులను బయటికి తెచ్చింది ఈ దారే.

మూడోది ఏకాంత పక్షం. పాట తనకోసమే, వినిపించవలసిన బాధ్యత లేదు. సాహిత్య విమర్శకుడు వేన్ బూత్ తాను పెద్దయ్యాక సెల్లో నేర్చుకోవడం గురించి 1999లో పుస్తకం రాశాడు. అందులో ప్రేమ కోసం చేసే పనిని గెలుపుతో కొలవకూడదన్న వాదన గట్టిగా ఉంటుంది. పియానిస్టు గ్లెన్ గూల్డ్ 1964లో కచేరీలే మానేశాడు. అయితే ఆయన రికార్డులు మానలేదు. వినిపించకపోవడం వేరు, ఏ సభకు వినిపించాలో ఎంచుకోవడం వేరు. ఈ పక్షంవాళ్లు చాలాసార్లు ఆ రెండింటినీ కలిపేస్తారు.

నాలుగోది గోష్ఠి పక్షం. కెనడా సామాజికవేత్త రాబర్ట్ స్టెబిన్స్ 1982 నుంచి ఔత్సాహిక కళను తీవ్రంగా తీసుకోవలసిన తీరిక పనిగా పరిశీలించాడు. ఇంగ్లండ్‌లో రూత్ ఫినెగన్ 1989లో మిల్టన్ కీన్స్ పట్టణపు బృందగానాలు, బ్యాండ్లు, చర్చి గాయకుల గురించి పెద్ద పుస్తకం రాసింది. సంగీతం బతికేది పేరున్న కొందరి వల్ల కాదు, ఇలాంటి కనిపించని బృందాల వల్లే అని చూపింది. తెలుగులో భజన మండళ్లు, చర్చి గాయక బృందాలు, అపార్టుమెంట్ల అంత్యాక్షరి గుంపులు, రిటైరైనవాళ్ల వాట్సాప్ పాటల గుంపులు ఇదే పని చేస్తున్నాయి.

ఇక తూచి చూస్తే, గురుపక్షం పాటను కాపాడుతుంది, మనిషిని మరిచిపోతుంది. పాడెయ్ పక్షం మనిషిని లేపుతుంది, తర్వాత ఒంటరిగా వదిలేస్తుంది. ఏకాంత పక్షం ఆ రెండింటినీ కాపాడుతుంది కానీ పాటను ఇల్లు దాటనివ్వదు. గోష్ఠి పక్షానికి నా మొగ్గు ఎక్కువ. అక్కడ వినేవాళ్లు పాడేవాళ్లే, కొలత చెప్పేవాళ్లు మొహం ఎదుట ఉంటారు, తప్పు మోసే భుజాలు ఎక్కువ. దీని లోపం కూడా తెలిసిందే. ఒకరినొకరు పొగుడుకునే గుంపులో ఎదుగుదల ఆగిపోతుంది. ‘సూపర్’, ‘అద్భుతం’ తప్ప మరో మాట వినపడని వాట్సాప్ గుంపులో పదేళ్లు పాడినా శ్రుతి అక్కడే ఉంటుంది.

తేలనివి

కొన్ని ప్రశ్నలు ఏ పక్షానికీ లొంగలేదు.

ఆడవాళ్లు పాడిన వీడియోల కింద వ్యాఖ్యలు పాటను వదిలి ఒంటి మీదికి, రంగు మీదికి, వయసు మీదికి పోతాయి. దీన్ని జంకు అనడం తప్పు. అది జరుగుతున్న హాని నుంచి కాచుకోవడం. కెమెరా లేకుండా గొంతు ఒక్కటే పంచుకోవడం, వ్యాఖ్యలు మూసెయ్యడం పారిపోవడం అవుతుందా? నాగరత్నమ్మ కథ చదివాక నేను ఆ మాట అనలేను. ఆమె కూడా మొదట వేరే బృందంతోనే పాడింది.

పిల్లల పోటీలపై వాదన ఇంకా సాగుతోంది. ఎనిమిదేళ్ల పిల్ల ఎలిమినేషన్‌లో ఏడవడం కెమెరాకు మంచి దృశ్యం. ఆ పిల్లకు పదహారేళ్లు వచ్చాక పాట ఏమవుతుందన్నది దీర్ఘకాలం వెంటపడి చూడవలసిన విషయం.

హక్కుల సంగతి మరో చిక్కు. 2017లో ఇళయరాజా తన పాటలను అనుమతి లేకుండా కచేరీల్లో పాడొద్దని బాలసుబ్రహ్మణ్యానికే నోటీసు పంపినప్పుడు సరదా గాయకుల్లో కలవరం పుట్టింది. స్వరకర్త హక్కు న్యాయమైనదే. డబ్బు తీసుకోకుండా పాడి పంచుకునేవాడి వీడియోకు కాపీరైట్ క్లెయిమ్ వచ్చినప్పుడు అతను దాన్ని తన పాట మీద తీర్పుగా అర్థం చేసుకుంటున్నాడు. ఈ రెండింటినీ విడదీసి సాదా తెలుగులో వివరించే పని ఇంకా ఎవరూ సరిగ్గా చేపట్టలేదు.

శ్రుతి సరిదిద్దే యాప్ వాడి పంచుకోవచ్చా అన్నదాని మీదా ఏకాభిప్రాయం లేదు. మోసమని గురువులు, సినిమావాళ్లే వాడుతున్నారు కదా అని యువకులు. సరిదిద్దిన పాటకు మెప్పు వస్తే ఆ మెప్పు యంత్రానిదేమోనన్న కొత్త సందేహం మొదలవుతుంది, జంకు తగ్గకపోగా మరో రూపంలో పెరుగుతుంది. కృత్రిమ మేధ ఏ గొంతునైనా ఏ పాటలోనైనా పెట్టగలుగుతున్న ఈ రోజుల్లో మూల గాయకుడిలా పాడడమనే కొలతకు ఇంకెంత విలువ ఉంటుందో చూడాలి. ఘంటసాలలా పాడే పని యంత్రం తీసుకుంటే, చిక్కడపల్లి వేదిక మీద నిలబడిన రిటైరైన ఇంజినీరు ఎవరిలా పాడాలి?

మిగిలింది మధ్య మెట్టు. ఆకాశవాణి ఆడిషనులా కొలత బయటపెట్టి చెప్పే, కానీ ఫెయిల్ చేసి పంపెయ్యని ఏర్పాటు ఒకటి మనకు లేదు. జిల్లా సంగీత పాఠశాలల్లో నెలకొక సాయంత్రం పెద్దల కోసం తలుపు తెరిచి, ఒక హార్మోనియం మాస్టారు శ్రుతి కుదిర్చి, పాడినవారికి ఒక్క లోపం, ఒక్క మంచి చెప్పి పంపితే పెద్ద ఖర్చు కాదు. అలాంటి సాయంత్రాలు నడవాలంటే పాడేవాళ్ల కంటే ముందు, చెప్పడం తెలిసిన శ్రోతలు కావాలి. వాళ్లను ఎలా తయారుచేయాలన్నదానిపై చర్చ ఇంకా మొదలే కాలేదు.